ఎస్వీ40 డీఎన్‌ఏ విచ్చుకునేది ఎక్కడ, ఎలా?

[తెర మీద: గుండ్రటి డీఎన్‌ఏ]

ఎస్వీ40 అనే కోతి వైరస్ జీనోమ్, అంటే దాని మొత్తం డీఎన్‌ఏ, 5,243 బేస్ జతల వలయం. కాపీ మొదలయ్యేది అందులో ఒకే చోట, 64 జతల కోర్ ఆరిజిన్‌లో. కాపీ తీసే ఎంజైమ్ పాలిమరేజ్ రాకముందే అక్కడ అసలు కష్టమైన పని, రెండు పోగులను విడదీయడం, జరిగిపోతుంది. ఇవాళ ఎక్కువసేపు దాని గురించే మాట్లాడుకుందాం.

[దగ్గరగా: ఆరిజిన్]

నడుమ జి-ఏ-జి-జి-సి అనే వరస నాలుగు సార్లు ఉంటుంది, ఒక్కో పోగు మీద రెండేసి. ఒక పక్కన ఎర్లీ పాలిండ్రోమ్ (రెండు పోగుల మీద ఎదురు దిశల్లో ఒకేలా చదివే వరస), ఇంకో పక్కన ఏ, టి అక్షరాలు ఎక్కువగా ఉన్న 17 జతల ఏటీ భాగం.

ఈ పనికి వైరస్ సొంతంగా ఇచ్చే ప్రోటీన్ ఒక్కటే, లార్జ్ టి-యాంటిజెన్. కణపు ఇంధన అణువు ఏటీపీ అందగానే అది ఆరేసి అణువులుగా కూడి, ఎదురెదురుగా రెండు ఉంగరాలు కడుతుంది. పాలిండ్రోమ్‌లో సుమారు 8 జతలు విడిపోతాయి, ఏటీ వైపు మెలిక సడలుతుంది.

[యానిమేషన్: ఒక జత చేర్చడం]

ఇది జాగ్రత్తగా చూడండి. ఆ నాలుగు వరసల నడిమధ్య ఒక్క జత అదనంగా చేర్చాం. ఒక ఉంగరం రెండోదానితో పోలిస్తే సుమారు 34 డిగ్రీలు తిరిగిపోయింది. రెండూ డీఎన్‌ఏ మీదికి ఎక్కుతాయి గానీ ఒకదాన్నొకటి సరిగా పట్టుకోలేవు. రెప్లికేషన్, అంటే కాపీ, జరగదు.

మిగతా సరంజామా అంతా కణానిదే. విడిన పోగులను ఆర్పీఏ అనే ప్రోటీన్ కప్పుతుంది, టోపోఐసోమరేజ్ ముందరి మెలికలు తీస్తుంది, పాలిమరేజ్ ఆల్ఫా-ప్రైమేజ్ సుమారు పది అక్షరాల ఆర్‌ఎన్‌ఏ ప్రైమర్ (కాపీ మొదలవడానికి కావాల్సిన చిన్న ముక్క) వేస్తుంది. ఈ ఆఖరిది మనిషిదో కోతిదో కావాలి. చిట్టెలుకదైతే టి-యాంటిజెన్‌తో పొసగదు.

[తెర మీద: జెల్]

ల్యాబ్‌లో పరీక్షించాలంటే టి-యాంటిజెన్ తయారుచేసే కాస్-7 అనే కోతి కణాల్లోకి ఆరిజిన్ ఉన్న ప్లాస్మిడ్ (చిన్న డీఎన్‌ఏ వలయం) ఎక్కించండి. 48 గంటలకు హర్ట్ పద్ధతిలో డీఎన్‌ఏ తీయండి: 0.6 శాతం ఎస్‌డీఎస్ అనే డిటర్జెంట్‌తో కణాలు కరిగించి, ఉప్పు 1 మోలార్‌కి తెచ్చి, రాత్రంతా 4 డిగ్రీల్లో ఉంచాలి. పెద్ద క్రోమోజోమ్ డీఎన్‌ఏ అడుక్కి దిగి, ప్లాస్మిడ్ పైన తేటలో మిగులుతుంది. మే నెల హైదరాబాద్‌లో కరెంటు పోయి ఫ్రిజ్ వేడెక్కిందంటే క్రోమోజోమ్ డీఎన్‌ఏ సరిగా అడుక్కి దిగదు, పైన తేటలో కలిసిపోతుంది.

తర్వాత డీపీఎన్-1 అనే కోత ఎంజైమ్‌తో కోసి, ముక్కలను సైజు వారీగా వేరుచేసే జెల్‌లో నడపండి. ఈ-కోలై నుంచి వచ్చిన పాత ప్లాస్మిడ్‌కి జి-ఏ-టి-సి చోట్ల మిథైల్ గుర్తు ఉంటుంది, తెగిపోతుంది. కణంలో కొత్తగా కాపీ అయినదానికి ఆ గుర్తు ఉండదు, మిగులుతుంది. డ్యామ్ (ఆ మిథైల్ గుర్తు వేసే ఎంజైమ్) లేని ఈ-కోలై స్ట్రెయిన్‌లో పెంచిన ప్లాస్మిడ్ వాడితే మాత్రం కాపీ కాకపోయినా బ్యాండ్ కనిపిస్తుంది. అందుకే పక్క లేన్‌లో ఆరిజిన్ లేని ప్లాస్మిడ్ తప్పనిసరి. అది పూర్తిగా ముక్కలవ్వకపోతే ఆ జెల్‌ని లెక్కలోకి తీసుకోకండి, కోత మళ్లీ చేయండి.