ఏ ఎలుకలో? రొమ్ము క్యాన్సర్ పరిశోధనలో జన్యువులు మార్చిన చిట్టెలుకలు

అందరికీ నమస్కారం. ఉపోద్ఘాతాలు పెట్టుకుంటే నాకిచ్చిన టైమ్ వాటికే సరిపోతుంది, నేరుగా విషయంలోకి వెళ్లిపోతాను.

బ్రాకా1 అని ఒక జన్యువు ఉంది, మీలో చాలామంది పేరు వినే ఉంటారు. మనకి జన్యువులు జంటగా వస్తాయి కదా, అమ్మ నుంచి ఒక కాపీ, నాన్న నుంచి ఒక కాపీ. ఈ బ్రాకా1లో ఒక కాపీ పుట్టుకతోనే చెడిపోయి ఉన్న ఆడవాళ్లలో ఎనభై ఏళ్లు వచ్చేలోపు నూటికి 60, 70 మందికి రొమ్ము క్యాన్సర్ వస్తుంది. అది 17వ క్రోమోజోమ్ మీద ఎక్కడో ఉందని అమెరికా జన్యు శాస్త్రవేత్త మేరీ-క్లెయిర్ కింగ్ 1990లో చూపించారు, 1994లో జన్యువే చేతికి దొరికింది. దొరకగానే పరిశోధకులకి వచ్చిన ఆలోచన ఒకటే: చిట్టెలుకలో కూడా ఒక కాపీ చెడగొడదాం, దానికీ క్యాన్సర్ వస్తుంది, మొదటి నుంచీ కూర్చుని చూద్దాం. చెడగొట్టారు. ఎలుకకి ఏమీ కాలేదు! హాయిగా తిని, పిల్లల్ని కని, ముసలిదైపోయింది. పోనీ రెండు కాపీలూ తీసేస్తే? అప్పుడు అసలు ఎలుకే పుట్టలేదు, పిండం కడుపులోనే పోయింది. 1996లో మూడు ల్యాబులు వేర్వేరుగా చేస్తే మూడింటిలోనూ ఇదే కథ.

అంటే మనిషిలో ఉన్న లోపాన్నే తీసుకెళ్లి ఎలుకలో పెట్టినా, మనిషికొచ్చే జబ్బు ఎలుకకి రాలేదన్నమాట. ఈ రంగంలో పనిచేసేవాళ్లం ఇప్పటికీ ఆ తేడాతోనే కుస్తీ పడుతున్నాం. పేపర్లో ‘ఎలుకల్లో క్యాన్సర్ మాయం’ అని వచ్చినప్పుడు మా మొదటి ప్రశ్న ‘నిజమా?’ అని కాదు, ‘ఏ ఎలుకలో?’ అని. అది ఎందుకు అడుగుతామో చెప్పడానికే వచ్చాను.

కొంచెం వెనక్కి వెళ్దాం. అమెరికాలో, మసాచుసెట్స్ రాష్ట్రంలోని గ్రాన్‌బీ అనే ఊళ్లో అబ్బీ లేత్రాప్ అని ఒకావిడ ఉండేది. టీచరుగా చేసి మానేసి, కోళ్లు పెంచి నష్టపోయి, ముచ్చటకి పెంచుకునేవాళ్లకి అమ్ముదామని చిట్టెలుకలు పెంచడం మొదలుపెట్టింది. అమ్మకం బాగానే సాగింది, కానీ కొన్నవాళ్లలో ల్యాబులు ఎక్కువైపోయాయి. కొన్ని ఎలుకల ఒంటి మీద గడ్డలు కనిపిస్తే ఊరుకోకుండా లియో లోబ్ అనే పాథాలజిస్టుకి పంపింది, ఆయన క్యాన్సర్ అని తేల్చాడు. ఇద్దరూ కలిసి ఏ వంశంలో గడ్డలు ఎక్కువ, ఏ వంశంలో తక్కువ అని లెక్కలు రాశారు, అండాశయాలు తీసేస్తే రొమ్ము గడ్డలు తగ్గుతాయని 1910లలోనే చూపించారు. ఆవిడ 1918లో పోయింది. ఇవాళ ప్రపంచంలో ఏ ల్యాబుకి వెళ్లినా కనిపించే సీ57 నల్ల ఎలుకలు ఆవిడ దొడ్లోని 57వ నంబరు ఆడ ఎలుక సంతతే. జంతువులు పెంచేవాళ్ల దగ్గర ఉండే జ్ఞానానికి సైన్సు ఇవ్వాల్సినంత మర్యాద ఇవ్వలేదని నా ఫిర్యాదు, అది ఇంకోసారి.

తర్వాత అమెరికాలోనే మెయిన్ అనే రాష్ట్రంలో, బార్ హార్బర్‌లోని జాక్సన్ ల్యాబులో జాన్ బిట్నర్ ఒక పని చేశాడు. గడ్డలు ఎక్కువగా వచ్చే వంశంలో పుట్టిన పిల్లల్ని పుట్టీ పుట్టగానే తీసి, గడ్డలు రాని వంశపు తల్లి దగ్గర పాలకి వదిలాడు. పెద్దయ్యాక వాటికి గడ్డలు బాగా తగ్గిపోయాయి. 1936లో ఇది బయటికి వచ్చింది. పాలలో ఏదో ఉంది అన్నారు, ఆ ‘ఏదో’ తర్వాత వైరస్ అని తేలింది, పేరు ఎంఎంటీవీ. ఇక్కడ ఆగి ఒక మాట చెప్పాలి, లేకపోతే ఇంటికెళ్లి టెన్షన్ పడతారు: ఇది ఎలుకల సంగతి. మన ఆడవాళ్లు బిడ్డకి పాలివ్వడం వల్ల క్యాన్సర్ రాదు, పైగా పాలిచ్చిన తల్లికి రొమ్ము క్యాన్సర్ ముప్పు తగ్గుతుంది.

ఈ వైరస్‌కి ఒక గుణం ఉంది, దాని స్విచ్, అంటే పక్కనున్న జన్యువుని పనిచేయించే డీఎన్ఏ ముక్క, రొమ్ము కణాల్లో బాగా పనిచేస్తుంది, హార్మోన్లు పెరిగితే ఇంకా ఎక్కువ. హార్వర్డ్‌లో ఫిలిప్ లెడర్ బృందం వైరస్‌ని వదిలేసి ఆ స్విచ్ ముక్క ఒక్కటే తీసుకుంది, దానికి మిక్ అనే క్యాన్సర్ జన్యువుని తగిలించి ఎలుక పిండంలోకి ఎక్కించింది. 1984లో ప్రచురించారు. ఆడ ఎలుకలకి రొమ్ము గడ్డలు వచ్చాయి, కానీ నెలలు గడిచాక, ఇక్కడొకటి అక్కడొకటి. రొమ్ములో అన్ని కణాల్లోనూ మిక్ ఉన్నా ఏదో ఒక కణమే గడ్డగా మారింది. అంటే ఒక్క జన్యువు చాలదు, ఇంకేవో కూడా చెడిపోవాలి. ఆ సంగతి అంతకుముందు గాజు పళ్లెంలో పెంచిన కణాల్లో తెలుసు, బతికున్న జంతువు ఒంట్లో కళ్లారా చూసింది ఇక్కడ. ఈ ఎలుక మీద 1988లో అమెరికాలో పేటెంట్ కూడా ఇచ్చారు, ప్రాణమున్న జంతువు మీద పేటెంట్ ఏమిటని పెద్ద గొడవ అయింది, కెనడా సుప్రీంకోర్టు 2002లో కుదరదు పొమ్మంది. నా ఓటు కెనడాకే.

మళ్లీ బ్రాకా1కి వద్దాం. ఒళ్లంతా తీసేస్తే పిండం పోతోంది, ఒక కాపీ తీస్తే ఏమీ కావడం లేదు, మరి దారేది? రొమ్ములో మాత్రమే తీసేయడం. బ్యాక్టీరియాకి పట్టే పీ1 అనే వైరస్ దగ్గర క్రీ అనే ఎంజైమ్ ఉంటుంది, అది లాక్స్ అనే రెండు గుర్తుల మధ్య ఉన్న డీఎన్ఏని కోసి తీసేస్తుంది. ఎలుక బ్రాకా1కి అటూ ఇటూ ఆ గుర్తులు పెడతాం, క్రీని రొమ్ము కణాల్లో పనిచేసే స్విచ్ కింద పెడతాం, ఇంకెక్కడా బ్రాకా1 పోదు. అందులో ఒక స్విచ్ ఎలుక పాలలో ఉండే ఒక ప్రొటీన్‌ది, అది చూలు నిండే రోజుల్లో గానీ పనిలోకి దిగదు, కాబట్టి ముందు ఎలుకని చూలు కట్టించాలి. అమెరికా ప్రభుత్వ వైద్య పరిశోధనా సంస్థ ఎన్ఐహెచ్‌లో చు-షియా డెంగ్ బృందం 1999లో ఇలా చేసి చూపించింది. గడ్డలు వచ్చాయి, అయితే చాలా ఆలస్యంగా, అదీ కొన్నిటికే. పీ53 అనే కాపలా జన్యువుని కూడా దెబ్బతీస్తే తొందరగా వచ్చాయి. బ్రాకా1 లోపంతో వచ్చే మనుషుల గడ్డల్లోనూ పీ53 చెడిపోయి ఉండటం చాలా మామూలు.

ఇదంతా చెబుతుంటే ఈజీగా ఉంది గానీ, ల్యాబులో ఒక కాన్పులో ఏడెనిమిది పిల్లలు పుడితే, ఈ కలయికలన్నీ సరిగ్గా కుదిరిన ఆడది అందులో ఒక్కటి దొరికితే అదృష్టం. చెవి అంచు నుంచి చిన్న ముక్క తీసి పీసీఆర్, అంటే డీఎన్ఏలో కావాల్సిన ముక్కకి బోలెడు కాపీలు తీసే పరీక్ష, చేస్తే, జెల్ మీద పడిన బ్యాండ్లని బట్టి ఏది ఏమిటో తెలుస్తుంది. తర్వాత వారం వారం చేత్తో తడిమి చూడటమే. మెడ వెనక చర్మం పట్టుకుని ఎత్తి, మెడ దగ్గర నుంచి గజ్జల దాకా రెండు పక్కలా వేలితో నిమురుతూ రావాలి, ఎందుకంటే చిట్టెలుకకి ఐదు జతలు, మొత్తం పది రొమ్ము గ్రంథులు. రెండు మూడు మిల్లీమీటర్ల గడ్డ కూడా అలవాటైన వేలికి తెలిసిపోతుంది. ఇక కాలిపర్స్‌తో పొడవు, వెడల్పు. గడ్డ ఎంత పెరిగితే ఇక ఆపేసి ఎలుకని బాధ లేకుండా చంపేయాలో ఎథిక్స్ కమిటీ ముందే రాసి ఇస్తుంది, ఆ హద్దు దాటడానికి వీల్లేదు. ఆ పని ఎవరికీ ఇష్టం ఉండదు, నాకూ లేదు.

నాలుగో గ్రంథిని తీసి గాజు పలక మీద పరిచి, కార్మైన్ అనే ఎర్ర రంగులో రాత్రంతా ఉంచి, ఆల్కహాల్లో, జైలీన్‌లో కడిగితే, కొవ్వంతా పారదర్శకమైపోయి పాలనాళాలు మాత్రం ఎర్రగా తేలతాయి, ఆకు రాలిన వేపచెట్టుని ఆకాశానికి ఎదురుగా చూసినట్టు. మధ్యలో ముదురు చుక్క లింఫ్ గ్రంథి. వయసుకొస్తున్న ఎలుకలో ఒక్కో కొమ్మ చివరా ఉబ్బిన మొగ్గ ఉంటుంది, కొమ్మ పెరిగేది అక్కడి నుంచే. క్యాన్సర్ జన్యువు పెట్టిన ఎలుకలో అయితే గడ్డ చేతికి తగలడానికి ఎంతో ముందే కొమ్మలు ఇష్టమొచ్చినట్టు చీలి, గుత్తులు కట్టి కనిపిస్తాయి. మనిషిలో ఈ దశ చూడటం దాదాపు అసాధ్యం, డాక్టరు దగ్గరికి వచ్చేసరికే గడ్డ ఉంటుంది. నన్నడిగితే ఎలుకలు మనకి చేసిన మేలులో మందుల కంటే ఇదే ముందు.

మందుల దగ్గరికి వద్దాం. ఆమ్‌స్టర్‌డామ్‌లోని నెదర్లాండ్స్ క్యాన్సర్ ఇన్‌స్టిట్యూట్‌లో జోస్ యాంకర్స్ బృందం బ్రాకా1, పీ53 రెండూ పోయిన ఎలుకలని తయారుచేసింది. ఆ గడ్డల మీద ఒలాపరిబ్ అనే మందు ప్రయోగించి 2008లో ఫలితాలు ప్రకటించారు. గడ్డలు బాగా తగ్గాయి, ఆపగానే మళ్లీ పెరిగాయి, మళ్లీ మళ్లీ ఇస్తే కొన్నాళ్లకి లొంగడం మానేశాయి. ఎందుకని చూస్తే, కణం మందుని బయటికి తోడేసే ఒక పంపుని పెంచుకుంది. ఈ మందు అమెరికాలో 2014లో అండాశయ క్యాన్సర్‌కీ, 2018లో బ్రాకా లోపం ఉన్న రొమ్ము క్యాన్సర్‌కీ అనుమతి పొందింది, కాబట్టి ఎలుక చెప్పిన మొదటి సగం నిజమైంది. రెండో సగం దగ్గరే తిరకాసు. మనుషుల్లో మందు పనిచేయకపోవడానికి ముఖ్యమైన కారణాల్లో ఒకటి, చెడిన బ్రాకా జన్యువే ఇంకో మార్పు జరిగి మళ్లీ పనిలోకి రావడం. ఆమ్‌స్టర్‌డామ్ ఎలుకలో అది జరగనే జరగదు, ఎందుకంటే మనం జన్యువులో పెద్ద ముక్కే కోసి పారేశాం, బాగుపడటానికి అక్కడ ఏమీ మిగల్లేదు!

అదే బృందం తర్వాత ఇంకో ఎలుకని చేసింది. ఈసారి కోసేయకుండా, మనుషుల కుటుంబాల్లో నిజంగా కనిపించే సీ61జీ అనే ఒక్క అక్షరం తప్పునే పెట్టారు. గడ్డలు వచ్చాయి, కానీ 2011లో వాళ్లు చూపించిందేమిటంటే, ఒలాపరిబ్‌కి గానీ ప్లాటినం రకం కీమో మందులకి గానీ అవి సరిగా లొంగలేదు. అదే జన్యువు, అదే జబ్బు, అదే మందు, తప్పు రకం వేరు, అంతే. ‘ఏ ఎలుకలో?’ అని ఎందుకు అడుగుతామో ఇప్పుడు అర్థమైందనుకుంటా.

వంశం కూడా లెక్కే. కెంట్ హంటర్ బృందం, గడ్డలు తప్పకుండా వచ్చి ఊపిరితిత్తులకి పాకే ఒక రకం మగ ఎలుకలని 27 వేర్వేరు వంశాల ఆడ ఎలుకలతో కలిపింది. కూతుళ్లందరిలోనూ క్యాన్సర్ జన్యువు ఒకటే, ఊపిరితిత్తుల్లోకి పాకడం మాత్రం తల్లి వంశాన్ని బట్టి మారిపోయింది. 1998లో వచ్చిన పేపరు ఇది, జబ్బు పాకడంలో పుట్టుకతో వచ్చిన మిగతా జన్యువులకీ పాత్ర ఉందని అంతకుముందు గట్టిగా అన్నవాళ్లు తక్కువ.

హెర్2 సంగతి క్లుప్తంగా. కొన్ని రొమ్ము క్యాన్సర్లలో మోతాదు మించి పనిచేసే జన్యువు ఇది, దాని ప్రొటీన్‌ని పట్టుకునే మందు ట్రాస్టుజుమాబ్. తొలి చిట్టెలుకల్లో పెట్టింది పెద్ద ఎలుక (రాట్) జన్యువు, ట్రాస్టుజుమాబ్ దాన్ని గుర్తుపట్టదు. మనిషి హెర్2 పెట్టాకే ఉపయోగం పెరిగింది. ట్రాస్టుజుమాబ్‌కి లొంగని అలాంటి గడ్డ మీదే, ట్రాస్టుజుమాబ్‌కి విషపు మందు తగిలించి చేసిన టీడీఎం1ని పరీక్షించారు, 2013లో అది అమెరికాలో మార్కెట్లోకి వచ్చింది.

అన్నిటికంటే పెద్ద లోటు ఇంకా చెప్పలేదు. ఆడవాళ్లలో వచ్చే రొమ్ము క్యాన్సర్లలో నూటికి 70 దాకా ఈస్ట్రోజెన్ అనే ఆడ హార్మోన్ మీద ఆధారపడేవి, ఎలుకల్లో మనం తెప్పించే గడ్డల్లో ఎక్కువ భాగం అలాంటివి కావు. అంటే ఎక్కువమందికి వచ్చే రకానికే మన దగ్గర సరైన ఎలుక లేదు. దీనికి ఈమధ్య ఒక దారి దొరికింది: రోగి గడ్డ నుంచి తీసిన కణాలని సన్నని సూదితో చనుమొన గుండా నేరుగా ఎలుక పాలనాళంలోకి పంపడం. చర్మం కింద పెడితే సరిగా బతకని ఈస్ట్రోజెన్ రకం కణాలు అక్కడ తమ ఇంట్లో ఉన్నట్టే పెరుగుతున్నాయి. అయితే మనిషి కణాల్ని తిప్పికొట్టకుండా ఉండటానికి ఆ ఎలుకకి రోగనిరోధక శక్తి లేకుండా చేయాలి, కాబట్టి రోగనిరోధక శక్తినే క్యాన్సర్ మీదికి ఉసిగొల్పే ఇమ్యునోథెరపీ మందుల్ని దాని మీద మామూలుగా పరీక్షించలేం.

సరే, ఇక మీ ప్రశ్నలు. ఒక్క మనవి, మా ఇంట్లోవాళ్లకి ఫలానా గడ్డ ఉంది, ఏ మందు వాడాలి అని మాత్రం నన్ను అడక్కండి, అది మీ ఆంకాలజిస్టుని అడగాల్సింది, నేను చూసేది ఎలుకల్నే.