ఆఫీసులో అందరూ వాడే సిస్టమ్‌కి సెక్యూరిటీ కీ: నాలుగు నెలలు వాడాక నా రివ్యూ

అందరికీ నమస్కారం. ఇదిగో, నా తాళాల గుత్తికి వేలాడుతోందే, ఈ నల్లటి చిన్న బిళ్ల. ఇది యూబీకీ 5 ఎన్‌ఎఫ్‌సీ అనే సెక్యూరిటీ కీ, అంటే లాగిన్‌కి వాడే తాళంచెవి లాంటిది. బరువు 3 గ్రాములు. బ్యాటరీ లేదు, స్క్రీన్ లేదు. మా ఆఫీసులో షిఫ్టుల వారీగా అందరం వాడుకునే సిస్టమ్‌లోకి నాలుగు నెలలుగా దీనితోనే లాగిన్ అవుతున్నాను.

ఇది ఎందుకు తీసుకున్నానో ముందు చెప్పాలి. ఇంతకుముందు పనిచేసిన చోట అందరికీ కలిపి ఒకటే యూజర్‌నేమ్, ఒకటే పాస్‌వర్డ్. మానిటర్ అంచుకి అంటించిన పసుపు చీటీ మీద రాసి ఉండేది. జిగురు పోతే పైన టేప్ వేశాం. ఒకరోజు పొద్దున వచ్చేసరికి నెల లెక్కల ఫోల్డర్ లేదు. ఎవరు డిలీట్ చేశారు? రికార్డులో ఉన్నది ఒకే పేరు, అది అందరిదీ. చూపులన్నీ కొత్తగా చేరిన అమ్మాయి మీదికి వెళ్లాయి. తను కాదని చూపించడానికి పాపం ఆ అమ్మాయి దగ్గర ఏమీ లేదు. రెండు వారాలు ఎవరితోనూ సరిగ్గా మాట్లాడలేదు. ఆ ముఖం నాకు ఇప్పటికీ గుర్తే.

అందుకే కీ కంటే ముందు ఒక మాట. మీ ఆఫీసులో ఎవరి అకౌంట్ వాళ్లకి లేకపోతే ఇది కొన్నా దండగే.

సరే, లాగిన్ చూడండి. యూఎస్‌బీలో పెట్టాను. లాక్ స్క్రీన్ మీద సైన్ ఇన్ ఆప్షన్స్‌లో సెక్యూరిటీ కీ గుర్తు నొక్కాను. ఈ కీకి నేను పెట్టుకున్న పిన్ అడిగింది, కొట్టాను. ఇప్పుడు మధ్యలో ఉన్న బంగారు రంగు చక్రం దగ్గర లైటు మినుకుమంటోంది, చూశారా? వేలు ఆనించాను. అంతే, వచ్చేశాం. చాలామంది ఇది వేలిముద్ర చదువుతుందనుకుంటారు. ఈ మోడల్ చదవదు. ఎదురుగా నిజంగా మనిషి ఉన్నారా లేదా అన్నదే చూస్తుంది.

నాకు బాగా నచ్చింది లోపల జరిగే పని. లాగిన్ అయిన ప్రతిసారీ అవతలి నుంచి కొత్త సవాలు ఒకటి, అంటే అప్పటికప్పుడు తయారైన ఒక కోడ్, వస్తుంది. కీ తన లోపల దాచుకున్న రహస్యంతో దాని మీద సంతకం చేసి పంపుతుంది. ఆ రహస్యం మాత్రం బయటికి రాదు. కాబట్టి కీబోర్డ్ వైరుకి ఎవరైనా మనం నొక్కేవన్నీ రికార్డు చేసే కీలాగర్ తగిలించినా వాళ్లకి చిక్కేది పిన్ ఒక్కటే. ఈ బిళ్ల చేతిలో లేకుండా ఆ పిన్‌తో ఏం చేసుకుంటారు? వెబ్‌సైట్ల విషయంలో కూడా అంతే. ఏ సైట్‌లో రిజిస్టర్ చేశామో ఆ అడ్రస్‌కే పనిచేస్తుంది. అచ్చం అలాగే కనిపించే నకిలీ పేజీకి మనం మోసపోవచ్చు, ఇది మోసపోదు.

వేలిముద్రతోనో ముఖంతోనో లాగిన్ అయ్యే విండోస్ హలో ఉందిగా, అది చాలదా అంటారేమో. అది ఏ మెషీన్‌లో పెట్టుకుంటే ఆ మెషీన్‌కే. ఆఫీసు అకౌంట్లకైతే ఒక మెషీన్‌లో 10 మంది వరకే. అంతకు మించి ఉంటే సెక్యూరిటీ కీలు వాడమని మైక్రోసాఫ్టే చెబుతోంది.

పిన్ దగ్గర జాగ్రత్త. వరసగా 3 సార్లు తప్పు కొడితే కీ తీసి మళ్లీ పెట్టాలి. 8 తప్పులైతే రీసెట్ తప్ప దారి లేదు, రీసెట్ చేస్తే అందులో ఉన్న లాగిన్లన్నీ పోతాయి. సెలవు నుంచి వచ్చిన రోజు నేను 5 దాకా వెళ్లాను. చేతులు చెమటలు పట్టాయి. ఆ సాయంత్రమే రెండో కీ ఆర్డర్ పెట్టాను. మీరు కొంటే మొదటే రెండు తీసుకుని, రెండూ రిజిస్టర్ చేయండి.

ఇక నచ్చనిది. కీ లాగేస్తే స్క్రీన్ లాక్ అవుతుందనుకున్నాను. అవ్వలేదు. మొదటి వారంలో కీ జేబులో వేసుకుని దర్జాగా మీటింగ్‌కి వెళ్లాను. తిరిగి వస్తే పక్క సీటు ఆయన మెల్లగా, "మీ మెయిల్ తెరిచే ఉంది, నేనే లాక్ చేశాను" అన్నారు. ఆయన మంచివాడు కాబట్టి సరిపోయింది. అప్పటి నుంచి కుర్చీలోంచి లేచేముందు విండోస్ బటన్, ఎల్ నొక్కుతాను. షిఫ్ట్ అయిపోతే లాక్ కాదు, సైన్ అవుట్. లాక్ చేస్తే మన ప్రోగ్రాములు వెనకాల నడుస్తూనే ఉంటాయి. బ్రౌజర్ పాస్‌వర్డ్ సేవ్ చేయనా అని అడిగితే వద్దనండి.

నా వరకు ఇది పెట్టిన డబ్బుకి తగినదే. అయితే విండోస్ లాగిన్‌కి మీ అంతట మీరు తెచ్చి పెట్టుకుంటే నడవదు, ఆ ఒక్క కంప్యూటర్‌లోనే పెట్టుకునే మామూలు లోకల్ అకౌంట్‌కి నేరుగా పనిచేయదు. కాబట్టి ఆర్డర్ పెట్టేముందు మీ ఐటీ వాళ్లని అడగండి: మన అకౌంట్లు మైక్రోసాఫ్ట్ ఎంట్రా ఐడీలో (ఆఫీసు అకౌంట్లను నిర్వహించే మైక్రోసాఫ్ట్ సర్వీసు) ఉన్నాయా, సెక్యూరిటీ కీ లాగిన్ ఆన్ చేస్తారా అని.