పైథాన్‌లో సందేహం వస్తే: డాక్యుమెంటేషన్‌ను ఏమి అడగాలి, మెంటర్‌ను ఏమి అడగాలి

నమస్కారం. భీమవరం, అమలాపురం, కాకినాడ చుట్టుపక్కల పైథాన్ కొత్తగా నేర్చుకుంటున్నవారి కోసం ఈ పాఠం. కోడ్ ఆగిన వెంటనే సీనియర్‌కు ఫోన్ చేయకుండా, ముందు ఏమి చూడాలో ఒక చిన్న ప్రోగ్రాంతో పరిశీలిద్దాం.

ఒక రొయ్యల చెరువులో రాత్రి, తెల్లవారుజామున, మధ్యాహ్నం కొలవవలసిన డీఓ రీడింగులను, అంటే నీటిలో కరిగిన ఆక్సిజన్ కొలతలను, ఒకే వరుసలో స్పేస్‌లతో విడదీసి టైప్ చేశారు. వరుసను ముక్కలుగా విడదీసే స్ప్లిట్ మెథడ్‌కు ఒక స్పేస్ ఇచ్చి, వచ్చిన ప్రతి ముక్కనూ ఫ్లోట్‌గా, అంటే దశాంశ సంఖ్యగా, మారుస్తున్నాం. స్క్రీన్ మీద వేల్యూ ఎర్రర్ వచ్చింది. సందేశం చివర ఉన్న ఖాళీ కోట్స్‌ను గమనించండి. ఏమీ లేని స్ట్రింగ్‌ను సంఖ్యగా మార్చమని మనం అడిగాం.

ఇప్పుడు పైథాన్ ప్రాంప్ట్ దగ్గర హెల్ప్ అని రాసి, బ్రాకెట్లలో ఎస్‌టీఆర్ డాట్ స్ప్లిట్ అని ఇవ్వండి. దీనికి ఇంటర్నెట్ కూడా అక్కరలేదు. సెపరేటర్, అంటే ఎక్కడ విడదీయాలో చెప్పే గుర్తు, ఇవ్వకపోతే ఖాళీ ముక్కలను ఫలితంలోంచి తీసేస్తుందని అక్కడే రాసి ఉంది. సెపరేటర్ మనమే ఇస్తే, అది వరుసగా రెండుసార్లు వచ్చినచోట మధ్యలో ఒక ఖాళీ స్ట్రింగ్ వస్తుందని లైబ్రరీ రిఫరెన్స్ వివరిస్తుంది. మన వరుసలో 5.1 తరువాత రెండు స్పేస్‌లు, ఆపైన 7.2 ఉన్నాయి. సెపరేటర్ తీసేస్తే ఎర్రర్ పోతుంది.

అయితే లిస్ట్ పొడవు చూడండి: 3 రావలసినచోట 2 వచ్చింది. ఇక్కడే మెంటర్ అవసరం. స్ప్లిట్ ఎలా పనిచేస్తుందో డాక్యుమెంటేషన్ చెప్పగలదు కానీ, ఆ రెండో స్పేస్ చేతి పొరపాటా, తీయకుండా వదిలేసిన రీడింగా అన్నది చెరువు పని తెలిసినవారు అడగవలసిన ప్రశ్న. డీఓ బాగా పడిపోయేది తెల్లవారుజామునే కాబట్టి, మధ్యాహ్నపు 7.2 ఆ స్థానంలోకి జరిగితే నీటికి గాలి అందించే ఏరేటర్లు తిప్పవలసిన వేళను ప్రోగ్రాం గుర్తించలేదు. అందుకే సెపరేటర్‌గా ఇచ్చిన స్పేస్‌ను అలాగే ఉంచి, ఖాళీ ముక్క వచ్చినచోట NaN (నన్), అంటే ‘సంఖ్య కాదు’ అని తెలిపే విలువను, పెట్టడమే సరైన పరిష్కారమని నా అభిప్రాయం.

దగ్గరలో మెంటర్ లేనివారు పైథాన్ కమ్యూనిటీలో అడగవచ్చు. ఒక వరుస డేటా, రెండు మూడు వరుసల కోడ్, పైథాన్ వెర్షన్ ఇవ్వండి. రైతు పేరు, ఫోన్ నంబరు తీసేయండి. ఎర్రర్‌ను ఫోటోగా పంపితే సమాధానం చెప్పేవారు దాన్ని కాపీ చేసుకోలేరు. అందువల్ల ప్రశ్నను తెలుగులోనే అడిగినా, ఎర్రర్ సందేశాన్ని మాత్రం అనువదించకుండా ఉన్నది ఉన్నట్టు టెక్స్ట్‌గా పెట్టండి.