వీధి క్విజ్‌తో అన్నదానానికి నిధులు: ప్రశ్నపత్రమే అసలు పెట్టుబడి

[తెర మీద: బరంపురంలో ఒక రామమందిరం మండపం. వరుసగా బల్లలు, ఒక్కో బల్ల మీద ఒక్కో అంకె. ఒక తాతగారు మనవరాలి చెవిలో జవాబు చెబుతున్నారు. ఆ అమ్మాయి కాగితం మీద రాస్తోంది.]

నమస్కారం. ఈ వీడియో ఒడిశాలో గుడి సేవా సంఘాల్లో పనిచేసే మన తెలుగువాళ్ల కోసం. మీరు బరంపురంలో ఉన్నా, పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ, జయపురంలో ఎక్కడ ఉన్నా సరే, ఇందులో చెప్పేవి మీకు పనికొస్తాయి.

ముందు డబ్బు ఎందుకో చెబుతాను. బరంపురంలోని ఎం.కె.సి.జి. వైద్య కళాశాల ఆసుపత్రికి దక్షిణ ఒడిశా జిల్లాల నుంచి రోగులు వస్తారు. మంచం రోగికి దొరుకుతుంది. వెంట వచ్చిన తల్లికో భర్తకో వరండాలో చాప పరుచుకునేంత చోటు దొరికితే గొప్ప. మందులకు, పరీక్షలకు పోగా రెండు పూటలా బయట కొనుక్కుని తినే స్తోమత చాలామందికి ఉండదు. అలాంటివారికి గుడి తరఫున రోజూ ఒక పూట అన్నం, పప్పు, కూర పెడదామన్న ఆలోచన ఏ వీధిలోనైనా పుడుతుంది. మొదటి నెల ఉత్సాహంగా గడుస్తుంది. మూడో నెల వచ్చేసరికి చందా పుస్తకం కనబడగానే తలుపులు కాస్త ఆలస్యంగా తెరుచుకుంటాయి. అందుకు ఎవరినీ తప్పు పట్టలేం. వినాయక చవితికి ఒక చందా, శ్రీరామనవమికి ఒక చందా, ఊరి అమ్మవారి ఠాకురాణి యాత్రకు ఒక చందా. ప్రతిసారీ అడిగేవాళ్లూ అవే ఇళ్లవాళ్లు, ఇచ్చేవాళ్లూ అవే ఇళ్లవాళ్లు.

ఈ వరస మార్చడానికి క్విజ్ రాత్రి మంచి ఉపాయం. ఇచ్చేవాడిని ఇంట్లోంచి బయటికి పిలుస్తుంది, కూర్చోబెడుతుంది, ఆడిస్తుంది. డబ్బు ఇచ్చి వెళ్లిపోయే మనిషి ఆ పూట పక్కింటివారితో ఒకే జట్టుగా కూర్చుంటాడు. మర్నాడు అన్నం వడ్డించడానికి మనుషులు కావాలంటే, మీరు పిలవాల్సిన పేర్లు ఆ బల్లల దగ్గరే దొరుకుతాయి.

[తెర మీద: పాత చర్చి హాలు బొమ్మ, కింద 1833, 1967 అన్న అంకెలు.]

గుడి మండపానికి ఈ పద్ధతి కొత్త కావచ్చు గానీ, సేవా సంఘాలకు కొత్త కాదు. 1833లో పారిస్‌లో ఫ్రెడెరిక్ ఒజనామ్ అనే యువ విద్యార్థి మిత్రులతో కలిసి పేదల ఇళ్లకు స్వయంగా వెళ్లి సాయం చేసే సంఘం మొదలుపెట్టాడు. అదే సెయింట్ విన్సెంట్ డి పాల్ సొసైటీ. అమెరికాలో ఇలాంటి చర్చి సంఘాలు నిధుల కోసం ట్రివియా నైట్‌లు, అంటే ఇలాంటి క్విజ్ రాత్రులే, నడుపుతాయి. సెయింట్ లూయిస్ నగరం వీటికి పేరుపడింది. మన దేశంలో 1967లో కలకత్తాలో నీల్ ఓబ్రయన్ నిర్వహించిన తొలి బహిరంగ క్విజ్ కూడా ఒక చర్చి హాల్లోనే జరిగింది. మంచి పద్ధతి ఏ గుమ్మంలోంచి వచ్చినా మన ముంగిట్లోకి తెచ్చుకోవచ్చు.

ఇక ఆట సంగతి. ఒక్కో బల్లకు ఆరుగురు. మొత్తం ఆరు విడతలు, విడతకు పది ప్రశ్నలు. ప్రశ్న చదవగానే జట్టంతా గుసగుసలాడుకుని కాగితం మీద జవాబు రాస్తుంది. విడత పూర్తయ్యాక కుర్రవాళ్లు కాగితాలు సేకరిస్తారు. దిద్దేవాళ్లు దిద్దుతారు, మార్కులు నల్లబల్ల మీద పడతాయి. గంట కొట్టి ముందుగా చెప్పే పోటీ వద్దు. అందులో చురుకైన ఇద్దరు ఆడతారు, మిగతా నలుగురు చూస్తూ కూర్చుంటారు.

ఒక్క నియమం మాత్రం గట్టిగా పెట్టండి. ప్రతి బల్ల దగ్గరా అరవై దాటినవారు ఒకరు, పదిహేను నిండనివారు ఒకరు ఉండి తీరాలి. కాలేజీ కుర్రాళ్లు ఆరుగురు కలిసి జట్టు కడితే ఆ ఆరుగురే వస్తారు. ఈ నియమం ఉంటే ఒక్కో జట్టు వెనుక ఒక కుటుంబమే కదిలి వస్తుంది. అమ్మమ్మ వస్తే ఆమెను తీసుకొచ్చే కోడలూ వస్తుంది. పిల్లవాడు ఆడుతుంటే చూడ్డానికి తల్లిదండ్రులు వస్తారు.

భాష విషయంలో మన ఊళ్ల పరిస్థితి మనకు తెలుసు. తాతగారు తెలుగు చదువుతారు. కొడుక్కి తెలుగు మాట్లాడటం వచ్చు, చదవడం తడబాటు. మనవరాలు బడిలో ఒడియా, ఇంగ్లిషు నేర్చుకుంటోంది. కాబట్టి ప్రతి ప్రశ్నను తెలుగులో ఒకసారి, ఒడియాలో ఒకసారి గట్టిగా చదవండి. జవాబు ఏ లిపిలో రాసినా చెల్లుతుందని ముందే ప్రకటించండి. వీధిలోని ఒడియా కుటుంబాలనూ జట్లు కట్టమని ఇంటికి వెళ్లి పిలవండి. ఆసుపత్రి వరండాలో అన్నం తినబోయేవారిలో ఎక్కువమంది ఒడియావాళ్లే.

[తెర మీద: తెల్ల కాగితం, ఒక చేయి ప్రశ్న రాసి, కొట్టివేసి, మళ్లీ రాస్తోంది.]

ఇప్పుడు అసలు పనికి వద్దాం. చాలా సంఘాలు షామియానా గురించి పది రోజులు మాట్లాడుకుని, ప్రశ్నలను ముందురోజు రాత్రి ఇంటర్నెట్‌లోంచి దింపేస్తాయి. నేను మనసారా చెబుతున్నాను, తిరగేసి చేయండి. ప్రశ్నలు బాగుంటే నేల మీద చాపలు వేసినా జనం వచ్చే ఏడాది మళ్లీ వస్తారు. ప్రశ్నలు చప్పగా ఉంటే మెత్తటి కుర్చీలు వేసినా రారు.

మంచి ప్రశ్న అంటే ఏమిటో ఒకటి విప్పి చూద్దాం. "బరంపురంలో పుట్టిన భారత రాష్ట్రపతి ఎవరు?" వి.వి. గిరి అని బల్లలన్నీ రెండు సెకన్లలో రాసేస్తాయి. తప్పు ప్రశ్న కాదు గానీ, మాట్లాడుకునే అవకాశం లేదు. దాన్నే ఇలా అడగండి: "1969 రాష్ట్రపతి ఎన్నికలో రెండో ప్రాధాన్య ఓట్లు కూడా లెక్కిస్తే గానీ విజేత తేలలేదు. ప్రధానంగా పోటీపడిన ఇద్దరూ తెలుగువారే. ఒకరు మన ఊళ్లో పుట్టారు. ఆ ఇద్దరూ ఎవరు?" ఇప్పుడు చూడండి. గిరి పేరు పిల్లవాడు చెబుతాడు. రెండో పేరు దగ్గర పెద్దాయన ముందుకు వంగుతాడు. నీలం సంజీవరెడ్డి అని ఆయన నోటి నుంచి వస్తుంది, ఆ వెంటనే ఆ రోజుల కథ కూడా వస్తుంది. రెండు తరాలు కలిస్తే గానీ ఒక్క మార్కు రాని ప్రశ్న అది. విడతకు రెండైనా అలాంటివి పడేటట్టు చూసుకోండి.

చెడ్డ ప్రశ్నకూ ఒక ఉదాహరణ. "ఒడిశా తొలి ముఖ్యమంత్రి ఎవరు?" తేలికగానే కనిపిస్తుంది, కానీ మండపంలో గొడవ తెచ్చేది ఇలాంటిదే. 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా ప్రత్యేక రాష్ట్రమైంది. మద్రాసు రాష్ట్రంలో ఉన్న గంజాం ప్రాంతాలూ అందులో కలిశాయి. 1937లో పర్లాకిమిడి రాజా కృష్ణచంద్ర గజపతి నారాయణ దేవ్ తొలి ప్రభుత్వానికి నాయకుడయ్యారు. అప్పట్లో ఆ పదవిని ప్రధాని అనేవారు. స్వాతంత్ర్యం వచ్చిననాడు పదవిలో ఉన్నది హరేకృష్ణ మహతాబ్. ఒక బల్ల ఒక పేరు రాస్తుంది, ఇంకో బల్ల ఇంకో పేరు రాస్తుంది, ఇద్దరి దగ్గరా కారణం ఉంటుంది. అందుకే ఏడాది, పదవి పేరు ప్రశ్నలోనే పెట్టేయండి: "1937లో ఒరిస్సా రాష్ట్ర ప్రధాని పదవి చేపట్టిన పర్లాకిమిడి రాజు ఎవరు?" ప్రతి జవాబు పక్కనా అది ఎక్కడ చూసి రాశారో మీ దగ్గరి కాగితంలో రాసి ఉంచుకోండి. తగవు వస్తే తీర్పు ఒక్కరిదే. అందరూ గౌరవించే విశ్రాంత ఉపాధ్యాయులెవరైనా ఉంటే ఆ కుర్చీ వారికి ఇవ్వండి.

మన నేల మీద ప్రశ్నలకు కరువు లేదు. పర్లాకిమిడిలో పాఠాలు చెబుతూ సవరల భాష నేర్చుకుని, వారి కోసం పుస్తకాలు రాసిన పంతులు ఎవరు? గిడుగు రామమూర్తి. ఆయన పుట్టిన ఆగస్టు 29నే తెలుగు భాషా దినోత్సవం చేసుకుంటున్నాం. ఒడిశాలో పుట్టి కళింగపట్నం దగ్గర సముద్రంలో కలిసే నది ఏది? వంశధార. రుషికుల్య నది ముఖద్వారం దగ్గర ఇసుకలో గుడ్లు పెట్టే తాబేలు ఏది? ఆలివ్ రిడ్లే. గంజాం జిల్లాలో అశోకుడి శాసనం ఎక్కడుంది? జౌగడలో.

బుడీ ఠాకురాణి మీద ఒక ప్రశ్న తప్పకుండా ఉండాలి. రెండేళ్లకోసారి జరిగే యాత్రలో అమ్మవారు పుట్టింటికి వస్తుందని నమ్మకం. ఆ పుట్టిల్లు దేశీబెహరా ఇల్లు. దేశీబెహరా అంటే తెలుగు మూలాలున్న దేరా నేతకారుల కులపెద్ద. ఈ ఊరి అమ్మవారికి పుట్టింటివారు ఎవరు అని అడిగితే తెలుగు బల్లా, ఒడియా బల్లా ఒకేసారి కలం పట్టుకుంటాయి.

[తెర మీద: ఐదు చిన్న గిన్నెలు, వాటి మీద గుడ్డ.]

ఒక విడత వంటింటిది పెట్టండి. ప్రతి బల్లకూ గుడ్డ కప్పిన ఐదు గిన్నెలు పంపండి. చూడకుండా వాసనతో పేర్లు రాయాలి. ఆవాలు, జీలకర్ర, మెంతులు, సోంపు, నల్లజీలకర్ర. ఒడియా ఇళ్లలో వాడే పంచ ఫుటణ అంటే ఈ ఐదే. వీటిలో మన పోపుల పెట్టెలో సాధారణంగా కనిపించనివి ఏవి అన్నది అదనపు ప్రశ్న. జవాబు సోంపు, నల్లజీలకర్ర. నాలుగు విడతలుగా మౌనంగా ఉన్న ఆడవాళ్లు ఈ విడతలో జట్టును నడిపిస్తారు. అంతవరకూ వెనకబడ్డ బల్ల కూడా మళ్లీ లేస్తుంది.

డబ్బు లెక్క ఒక ఉదాహరణతో చూద్దాం. ఇరవై బల్లలు, బల్లకు 600 రూపాయలు అనుకుంటే 12,000. ఆరు విడతలకు ఆరుగురు దాతలు, ఒక్కొక్కరు 1,000 చొప్పున 6,000. విడత మొదలయ్యేముందు ఆ దాత పేరు, ఆ సొమ్ముతో ఏం చేస్తున్నారో మైకులో చెప్పండి. కుర్చీలు, టీ, కాగితాలు, మైకు ఖర్చు ఈ 6,000లోనే సర్దుకోండి. అప్పుడు బల్ల రుసుము మొత్తం అన్నానికే వెళ్తుందని ధైర్యంగా ప్రకటించవచ్చు. ఆ ఒక్క మాటకే జట్లు పెరుగుతాయి.

మరో 2,000 మాఫీ చీటీలతో వస్తుంది. ధర 50 రూపాయలు, బల్లకు రెండే. జవాబు తెలియని ప్రశ్న పక్కన చీటీ అంటిస్తే ఆ మార్కు వచ్చినట్టే. చివరి విడతలో మాత్రం చెల్లదు, గెలుపు చదువుతోనే తేలాలి.

లక్కీ డ్రా పెడదామని ఎవరో ఒకరు తప్పకుండా అంటారు. వద్దని చెప్పండి. అనుమతి లేకుండా టికెట్లు అమ్మి లాటరీ తీయడం చట్టరీత్యా నేరం, గుడి పేరుతో చేసినా నేరమే. గెలిచినవారికి నగదు బహుమతి కూడా వద్దు. పేరు చెక్కిన షీల్డు ఒకటి చేయించి, ఏడాదిపాటు గెలిచిన వీధి దగ్గర ఉంచండి. పిల్లలకు పుస్తకాలు ఇవ్వండి.

అమెరికాలో ఉన్న మన పిల్లలు కూడా సాయం చేస్తామంటారు. ఇక్కడ జాగ్రత్త అవసరం. భారత పౌరసత్వం ఉన్నవారు తమ సంపాదనలోంచి బ్యాంకు ద్వారా పంపితే ఇబ్బంది లేదు. అక్కడి పౌరసత్వం తీసుకున్నవారు పంపితే అది విదేశీ విరాళం కిందకు వస్తుంది, విదేశీ విరాళాల చట్టం (ఎఫ్‌సీఆర్‌ఏ) కింద నమోదు లేని సంఘం తీసుకోకూడదు. ఇంకొకటి, విరాళాలపై దాతలకు ఆదాయపు పన్ను మినహాయింపు ఇప్పించే గుర్తింపు (80జి) ఉన్న సంఘమైనా సరే, నగదుగా ఇచ్చిన విరాళం 2,000 రూపాయలు దాటితే దాతకు ఆ మినహాయింపు రాదు. పెద్ద మొత్తాలు చెక్కుగానో యూపీఐలోనో సంఘం ఖాతాకే రావాలి. కోశాధికారి సొంత ఫోను నంబరుకు ఒక్క రూపాయి కూడా రాకూడదు. ఆయన ఎంత మంచివారైనా సరే, నిజానికి ఆయన మంచితనాన్ని కాపాడటానికే ఈ నియమం.

తేదీ సంగతి. అక్టోబరు వద్దు. 2013లో ఫైలిన్ తుపాను గోపాలపురం దగ్గర తీరం దాటింది ఆ నెలలోనే, 2018లో తిత్లీ తుపాను గజపతి జిల్లాను ముంచెత్తిందీ ఆ నెలలోనే. ఫిబ్రవరి, మార్చి నెలల్లో పిల్లలకు పరీక్షలు. సంక్రాంతి వెళ్లాక వచ్చే శనివారాలు చల్లగా, పొడిగా ఉంటాయి. ఆరు గంటలకు మొదలుపెట్టి తొమ్మిదిన్నరకు ముగించండి. ఆరుబయట రాత్రి పది దాటితే మైకు వాడకూడదు.

ఆట ముగిసిన వారంలోపు జమాఖర్చులు గుడి గోడ మీద అంటించండి. బల్లలవారీగా వచ్చినది, దాతలు ఇచ్చినది, టీకి అయినది, మిగిలినది, ఆ మిగిలినదాంతో ఎన్ని పూటలు వంట సాగుతుందో తెలుగులోనూ ఒడియాలోనూ రాయండి. నెల తర్వాత అదే కాగితం పక్కన, ఖర్చయినంతవరకు బియ్యం, పప్పు, గ్యాసు బిల్లుల లెక్క పెట్టండి.

[తెర మీద: ప్రశ్నపత్రాల కట్ట, పక్కన తపాలా కవరు.]

అప్పటికి ఆ ప్రశ్నలు మీ ఊళ్లో అందరికీ తెలిసిపోతాయి గానీ, రాయగడలో ఎవరికీ తెలియవు. కట్ట మొత్తం అక్కడి సంఘానికి పంపండి. గంజాం ప్రశ్నలు కొన్ని తీసి తమ ఊరి అమ్మవారు మజ్జిగౌరమ్మ మీద, నాగావళి నది మీద వాళ్లు కొత్తవి రాసుకుంటారు. వాళ్ల కట్ట మీకు పంపమని అడగండి, వచ్చే ఏటికి మీకు సగం పని తగ్గుతుంది.