పిండిని పొంగించే జన్యువులు

అందరికీ నమస్కారం.

బ్రెడ్డు పిండి కలిపాక ఈస్టు ఏం తింటుందో ముందుగా చూద్దాం. మైదాలో సహజంగా ఉండే గ్లూకోజు, ఫ్రక్టోజు చాలా తక్కువ. అవి కాసేపట్లోనే అయిపోతాయి. ఆ పైన ముద్ద పొంగాలంటే మాల్టోజు అనే మరో చక్కెరే దిక్కు. నీళ్లు తగలగానే పిండిలోని అమైలేజు ఎంజైములు స్టార్చిని విడగొట్టి మాల్టోజును తయారుచేస్తుంటాయి. దాన్ని కణంలోకి చేరవేసే ప్రొటీనుకు ఒక జన్యువు, లోపల రెండు గ్లూకోజులుగా విరగ్గొట్టే ఎంజైముకు మరొకటి, ఈ రెండింటినీ మేల్కొలిపే మూడోది, అన్నీ క్రోమోజోము కొసల దగ్గర పక్కపక్కనే ఉంటాయి. గ్లూకోజు దొరుకుతున్నంతసేపూ ఈస్టు వాటిని అణచి ఉంచుతుంది. అందుకే కొన్ని రకాల ఈస్టు వేస్తే పొంగు మొదలై, మధ్యలో మందగించి, మళ్లీ అందుకుంటుంది. తెల్లవారేసరికి సరుకు పంపాల్సిన బేకరీకి ఆ ఆలస్యం మామూలు విషయం కాదు.

నెదర్లాండ్స్‌కు చెందిన గిస్ట్ బ్రొకేడ్స్ కంపెనీ ఈ జన్యువులను నడిపే డీఎన్ఏ భాగాలను మార్చి, గ్లూకోజు ఉన్నా అవి పనిచేసేలా చేసింది. 1990లో బ్రిటన్ ఆ ఈస్టును ఆహారంలో వాడేందుకు అనుమతించింది. అక్కడ అలా అనుమతి పొందిన తొలి జన్యుమార్పిడి జీవి అదే. వేరే జాతి జన్యువు అందులో ఒక్కటీ లేదు. అయినా అది అంగళ్లకు చేరలేదు. అంత చక్కటి పని అటకెక్కడం నాకు ఇప్పటికీ బాధగానే ఉంటుంది.

ప్రయోగశాల సాయం లేకుండానే రొట్టెలు చేసేవాళ్లు ఇదే దారిలో నడిచారు. పులిసిన పిండిని తరతరాలుగా మిగిల్చి వాడుకునే చోట దొరికిన ఈస్టుల్లో మాల్టోజు జన్యువుల ప్రతులు పెరిగి ఉన్నాయని ఫ్రాన్సు శాస్త్రవేత్తలు 2021లో చూపించారు. బేకరీ ఈస్టుల్లో చాలావాటికి 16 క్రోమోజోముల జట్లు నాలుగేసి ఉంటాయి. వాటిలో చాలా రకాలు బీజకణాలను సరిగా ఏర్పరచవు. కాబట్టి సంకరం చేసి కొత్త రకం తీయడానికి ఎంతో ఓపిక కావాలి.

తీపి బన్నుల సంగతి వేరు. కణం గోడ దగ్గరుండే ఇన్వర్టేజు ఎంజైము చక్కెరను గ్లూకోజు, ఫ్రక్టోజులుగా చీలుస్తుంది. ఒక్కో అణువు రెండవుతుంది. దాంతో ముద్దలో ద్రవాభిసరణ పీడనం పెరిగి, కణంలోని నీరు బయటికి లాగేసినట్టవుతుంది, ఈస్టు నీరసిస్తుంది. అందుకని తీపి పిండికి ఇన్వర్టేజు తక్కువగా ఉన్న రకాన్ని ఎంచుకుంటారు. అదే ఈస్టును చక్కెర లేని బ్రెడ్డులో వేస్తే పొంగు నెమ్మదిస్తుంది. కాబట్టి పిండి పొంగలేదని ఈస్టును తిట్టేముందు, ఆ ప్యాకెట్టు ఏ పిండి కోసం తయారైందో చదవండి.