ట్రాపికల్ స్టార్మ్ వేరు, హరికేన్ వేరు: తేడా ఎక్కడుంది?

[తెర మీద: గల్ఫ్ ఆఫ్ మెక్సికో మీద సుడి తిరుగుతున్న మేఘాలు, ఉపగ్రహ చిత్రం]

నమస్కారం. ట్రాపికల్ డిప్రెషన్, ట్రాపికల్ స్టార్మ్, హరికేన్. ఈ మూడూ ఒకే జాతివి. సముద్రం పైపొర దాదాపు 26.5 డిగ్రీలు దాటి వేడెక్కాలి. ఆ నీటి ఆవిరి పైకి లేచి మేఘమయ్యేటప్పుడు వదిలే వేడే వీటికి ఇంధనం. వేరు చేసేది గాలి వేగమే.

[తెర మీద: వేగం పట్టీ]

అమెరికాలో ఒక నిమిషం సగటు గాలిని చూస్తారు. గంటకు 62 కిలోమీటర్ల వరకు డిప్రెషన్. 63 నుంచి 118 దాకా ట్రాపికల్ స్టార్మ్, పేరు పెట్టేది ఇక్కడే. 119 చేరిందంటే హరికేన్. మన వాతావరణ శాఖ మూడు నిమిషాల సగటు తీసుకుంటుంది కాబట్టి లెక్క అచ్చంగా కుదరదు గానీ, మన తుఫాను, తీవ్ర తుఫాను రెండూ ట్రాపికల్ స్టార్మ్ కోవలోకి, అతి తీవ్ర తుఫాను నుంచి పైవన్నీ హరికేన్ కోవలోకి వస్తాయి.

గాలి వేగం రెట్టింపైతే గోడ మీద, కప్పు మీద పడే ఒత్తిడి నాలుగింతలవుతుంది. హరికేన్‌కు ఇళ్ల కప్పులు లేచిపోయేది అందుకే.

[తెర మీద: హ్యూస్టన్, జూన్ 2001, నీట మునిగిన ఫ్రీవే]

అయితే ఈ పేర్లు వాన సంగతి చెప్పవు. మనవాళ్లు ఎందరో ఉంటున్న హ్యూస్టన్‌నే చూడండి. 2001 జూన్‌లో వచ్చిన ఆలిసన్ ఒక్కసారి కూడా హరికేన్ కాలేదు. జూన్ 5న ఫ్రీపోర్ట్ దగ్గర తీరం దాటి, ఉత్తరానికి వెళ్లి, మళ్లీ వెనక్కి తిరిగి వచ్చింది. హ్యూస్టన్ ఓడరేవులో దాదాపు 940 మిల్లీమీటర్ల వాన పడింది. టెక్సస్ మెడికల్ సెంటర్‌లో నేలమాళిగలు మునిగి, ఆసుపత్రుల్లో కరెంటు పోయింది. హరికేన్ కాకుండానే, మరే తుఫానుకూ మళ్లీ పెట్టకుండా పేరు శాశ్వతంగా పక్కన పెట్టిన మొదటి అట్లాంటిక్ తుఫాను ఇదే.

2017లో హార్వీ నాలుగో కేటగిరీ (గాలి వేగాన్ని బట్టి ఇచ్చే ఐదు స్థాయిల్లో నాలుగోది) హరికేన్‌గా తీరం దాటినా, హ్యూస్టన్‌ను ముంచింది బలహీనపడి ట్రాపికల్ స్టార్మ్ అయ్యాకే. కదలకుండా రోజుల తరబడి నిలబడిపోవడమే కారణం.

కాబట్టి బులెటిన్‌లో గాలి వేగంతో పాటు తుఫాను ఎంత వేగంగా కదులుతోందో, ఎంత వాన పడుతుందంటున్నారో చూడండి. ట్రాపికల్ స్టార్మ్ వాచ్ అంటే 48 గంటల్లో ఆ స్థాయి గాలులు రావచ్చని, వార్నింగ్ అంటే 36 గంటల్లో వస్తాయని. పారే నీరు 15 సెంటీమీటర్లుంటే మనిషి పడిపోవచ్చు, 30 ఉంటే చిన్న కారు కొట్టుకుపోవచ్చు. రాత్రిపూట నీటి కింద రోడ్డు కోసుకుపోయినా కనిపించదు. కారు వెనక్కి తిప్పేయండి.