గడిలో రాసిన 20

వేదిక మీది పెద్దలకు, అధ్యాపకులకు, విద్యార్థినీ విద్యార్థులకు నమస్కారం.

నాకిచ్చిన అంశం పరిశోధన పద్ధతులు, గణాంకశాస్త్రంలో ప్రాథమిక భావనలు. సగటు, మధ్యగతం, ప్రామాణిక విచలనం, పి విలువ వరసగా చెప్పుకుంటూ పోవచ్చు. చెప్తాను కూడా. ముందు మాత్రం ఏదో ఒక వార్డులో కేస్ షీట్లు తెరిచి, శ్వాస రేటు గడి చూడండి. 20. పక్క బెడ్‌కి? 20. ఆ పక్కన? 18, మళ్లీ 20, మళ్లీ 20. వార్డంతా ఒకే లయలో ఊపిరి తీసుకోదు కదా! ఆ అంకెల్లో చాలా వరకు లెక్కపెట్టినవి కావు, అలవాటుగా రాసినవి.

లెక్కపెట్టినా ఎలా లెక్కపెడుతున్నామన్నది ఇంకో చిక్కు. 15 సెకన్లు చూసి నాలుగుతో గుణిస్తే 16, 20, 24 వస్తాయి. 21 గానీ 22 గానీ ఎప్పటికీ రావు. నిమిషానికి 22 సార్లు ఊపిరి తీసే మనిషికి ఆ 15 సెకన్లలో ఐదు పడొచ్చు, ఆరు పడొచ్చు. ఐదైతే 20 రాస్తాం, ఆరైతే 24. రోగి పరిస్థితి దిగజారుతోందేమో ముందే పసిగట్టడానికి వాడే న్యూస్ 2 స్కోరులో శ్వాస రేటు 12 నుంచి 20 దాకా సున్నా, 21 నుంచి 24 దాకా 2. ఒక్క ఊపిరి అటూ ఇటూ అయితే అదే రోగి స్కోరు మారిపోతుంది. 30 సెకన్లు చూసి రెట్టింపు చేసినా సరిసంఖ్యలు తప్ప బేసి సంఖ్య రాదు. కాబట్టి పూర్తిగా 60 సెకన్లు చూడండి. పిల్లల విషయంలో ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా పూర్తి నిమిషం లెక్కపెట్టమనే చెప్తుంది. 2 నుంచి 11 నెలల బిడ్డకు 50, ఏడాది నుంచి ఐదేళ్ల లోపు పిల్లలకు 40 దాటినా, చేరినా అది వేగశ్వాస.

ఇంకో మాట. ‘మీ ఊపిరి లెక్కపెడుతున్నాను’ అని రోగికి చెబితే ఆ ఊపిరి మారిపోతుంది. నాడి చూశాక మణికట్టు వదలకుండా అలాగే పట్టుకుని, చూపు ఛాతీ మీదికి మార్చండి.

గణాంకశాస్త్రం మొదలయ్యేది ఇక్కడే. కొలతలో తప్పులు రెండు రకాలు. ఒకటి యాదృచ్ఛిక దోషం: ఒకసారి ఎక్కువ, ఒకసారి తక్కువ. శాంపిల్ పెంచితే సగటు మీద దాని ప్రభావం తగ్గుతుంది. రెండోది క్రమదోషం: ఎప్పుడూ ఒకే వైపు లాగుతుంది. అది 30 మందిలో ఎంత ఉందో 3,000 మందిలోనూ అంతే ఉంటుంది. ఏ సాఫ్ట్‌వేరూ దాన్ని కడిగివేయలేదు. పైగా అందరికీ 20 రాస్తే ప్రామాణిక విచలనం, అంటే అంకెలు సగటు నుంచి ఎంత చెదిరి ఉన్నాయో చెప్పే కొలత, కృత్రిమంగా చిన్నదవుతుంది. రెండు గుంపుల మధ్య నిజంగా తేడా ఉన్నా కనిపించకుండా పోతుంది.

ఫ్లోరెన్స్ నైటింగేల్ అనగానే దీపం గుర్తొస్తుంది, లేకపోతే సైనికుల మరణాలను కారణాల వారీగా రేకుల్లా చూపిన 1858 నాటి ఆ గులాబీ చిత్రం. ఆ చిత్రం వెనక ఉన్న శ్రమ గురించి తక్కువగా చెప్పుకుంటాం. క్రిమియా యుద్ధ కాలంలో ఆమె పనిచేసిన స్కుటారి సైనిక ఆసుపత్రిలో మరణాల రిజిస్టర్లు ఒకదానితో ఒకటి పొసగలేదు. తర్వాత ఆమె అన్ని ఆసుపత్రులకూ ఒకే నమూనా ఫారాలు ఉండాలని పట్టుబట్టారు. 1860లో లండన్‌లో జరిగిన అంతర్జాతీయ గణాంక మహాసభ ముందుకు ఆ ప్రతిపాదన వెళ్లింది. చిత్రం గీయడం కన్నా ఫారం దిద్దడమే ఆమె నుంచి మనం ముందుగా నేర్చుకోవాల్సింది.

సగటు సంగతి త్వరగా చెప్తాను. ఏడుగురు ఆసుపత్రిలో ఉన్న రోజులు 2, 3, 3, 4, 4, 5, 35. సగటు 8. ఆ ఏడుగురిలో ఆరుగురు ఎనిమిది రోజులు కూడా లేరు! వరసలో సరిగ్గా మధ్యన ఉన్న విలువ, అంటే మధ్యగతం, 4. అదే ఇక్కడ నిజానికి దగ్గర. నొప్పి స్కోరు క్రమస్థాయి కొలత: ఏది ఎక్కువో ఏది తక్కువో చెప్తుంది గానీ ఎన్ని రెట్లో చెప్పదు. 8 నుంచి 4కి దిగితే నొప్పి సగమైందని రాయకండి.

ఇప్పుడు ప్రాజెక్టుల సంగతి. ఒకే గుంపు, ముందు పరీక్ష, బోధన, వారానికి అవే ప్రశ్నలతో మళ్లీ పరీక్ష, ఆపైన అదే మనుషుల ముందు మార్కులనూ తర్వాతి మార్కులనూ పోల్చే పెయిర్డ్ టి టెస్ట్. పి విలువ 0.05 కన్నా తక్కువ వస్తుంది, బోధన ఫలించిందని రాస్తాం. ప్రశ్నలు గుర్తుండిపోవడం వల్ల మార్కులు పెరగలేదా? ఈ లోపు ఎవరినైనా అడిగి తెలుసుకుని ఉండరా? పోల్చడానికి బోధన అందని గుంపు లేకపోతే వీటికి జవాబు లేదు. దయచేసి రెండో గుంపు పెట్టండి, ఎవరు ఏ గుంపులోకి వెళ్లాలో చీటీలు తీసి నిర్ణయించండి. గుంపుల మధ్య అర ప్రామాణిక విచలనమంత తేడా పట్టుకోవాలంటే, 80 శాతం పవర్‌తో (అంటే నిజంగా ఉన్న తేడాను పట్టుకునే అవకాశం 80 శాతం), ఒక్కో గుంపులో దాదాపు 64 మంది కావాలి. ముప్పై మందితో సరిపెట్టి ‘తేడా లేదు’ అని తేల్చేయడం అన్యాయం. రెండు వర్గీకరణల మధ్య సంబంధం ఉందేమో చూసే కై స్క్వేర్ పరీక్ష వేసేముందు ఆశించిన సంఖ్యలు, అంటే సంబంధమే లేకపోతే ఒక్కో గడిలో ఉండాల్సినవి, చూడండి. రెండు అడ్డువరసలు, రెండు నిలువువరసల పట్టికలో ఏ గడిలోనైనా అవి 5 లోపుంటే చిన్న సంఖ్యలకు సరిపడే ఫిషర్ పరీక్ష వాడండి.

పి విలువ అంటే మీ ఊహ నిజమయ్యే అవకాశం కాదు. అసలు ప్రభావమే లేదని అనుకుంటే, ఇంత తేడా గానీ ఇంతకు మించి గానీ యాదృచ్ఛికంగా కనబడే అవకాశం, అంతే. తేడా ఎంతో, దాని 95 శాతం విశ్వాస అంతరం, అంటే ఆ అంచనా ఎంత కచ్చితమో చూపే పరిధి, ఎంతో పక్కనే రాయండి.

ఇక మళ్లీ ఫారం దగ్గరికే వస్తాను. మీ పైలట్ అధ్యయనానికి దిగేముందు శ్వాస రేటు గడి పక్కన ఇంకో మూడు గడులు గీయండి: లెక్క మొదలుపెట్టిన సమయం, ఎన్ని సెకన్లు చూశారు, ఎవరు చూశారు. పది మంది రోగుల దగ్గర ఇద్దరేసి ఒకే నిమిషం, ఒకరికొకరు చెప్పుకోకుండా లెక్కపెట్టండి. కాగితాలు పక్కపక్కన పెట్టి తేడాలు చూశాకే అసలు డేటా సేకరణ మొదలుపెట్టండి.